తొమ్మిదో మంచం

పరుపులాయనకు తెలియనిదంటూ ఏదీ లేదు. కనీసం ఆయన నోట "నాకు తెలియదు" అన్న మాట విన్నవాళ్లు లేరు. దారి తప్పి కొట్లోకి వచ్చి ఫలానా వీధి ఎక్కడండీ అని అడిగినా సరే, చెయ్యి చాపి ఏదో ఒక దిక్కు చూపించి పంపేవాడు. వాళ్లు చేరారో లేదో మనకు తెలియదు, తిరిగొచ్చి నిలదీసినవాళ్లయితే లేరు. ముప్ఫయ్యేళ్లుగా పరుపులూ దిండ్లూ అమ్ముతున్నాడు. మనిషి గుమ్మం ఎక్కే తీరు చూసి నడుంనొప్పి ఏ పక్కో చెప్పేస్తాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. నాలుగో కాలు చూపిస్తే అది తోక అంటాడు.

అలాంటివాడు యాభై ఆరో ఏట డయాలిసిస్ సెంటరు పెట్టాడు. బజార్లో నవ్వనివాడు పాపాత్ముడు. పరుపులవాడికి మూత్రపిండాలతో ఏం పని అన్నారు. భార్య మాత్రం నవ్వలేదు. "ఇన్నాళ్లూ జనాన్ని నిద్రపుచ్చారు, ఇప్పుడు రక్తం కడుగుతారా" అని అడిగి, ఆయన తల ఊపేసరికి ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది.

అడిగినవాళ్లందరికీ అది వ్యాపారం అని చెప్పాడు. వ్యాపారమే కావచ్చు గానీ అసలు సంగతి వాళ్లక్క.

అక్క ఆయనకంటే ఎనిమిదేళ్లు పెద్ద. చిన్నప్పుడు తల్లి పనికి పోతే ఈయన్ని చంకనేసుకుని తిప్పింది ఆవిడే. పెళ్లి చేసుకుని దేశం దాటిపోయి, అక్కడే బడిలో లెక్కలు చెప్పి, అక్కడే రిటైరైంది. భర్త పోయాడు. ఆ తర్వాత ఏడాదికి కిడ్నీలు పోయాయి. అప్పటి నుంచి వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు, మిషను మీద పడుకుని రక్తం శుభ్రం చేయించుకుంటేనే మనిషి నిలబడేది. తమ్ముడు ఫోన్ చేసి రమ్మన్నప్పుడల్లా ఒకటే జవాబు.

"ఎక్కడికొస్తాన్రా. సోమ, బుధ, శుక్ర నన్ను మిషనుకు కట్టేస్తారు. ఒక్క ఆదివారంలో వచ్చి పోడానికి నాకేం రెక్కలున్నాయా?"

ఒకసారి ఈయనే వెళ్లి పది రోజులుండి వచ్చాడు. ఆ పది రోజుల్లో నాలుగు రోజులు ఆవిడ మంచం పక్కన స్టూలు మీదే కూర్చున్నాడు. ఆ హాల్లో పన్నెండు మంది ఉన్నారు, నాలుగు గంటల సేపు ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. అంతకంటే ఆయన్ని బాధపెట్టింది పరుపు. రెండంగుళాలుంది. వేలితో నొక్కి చూసి, మళ్లీ నొక్కి చూసి, కళ్లు తుడుచుకున్నాడు.

మిషను వదిలి అక్క రాలేకపోతే మిషన్నే ఇక్కడికి తెస్తే సరిపోతుంది కదా అని అక్కడి నుంచి వచ్చేటప్పుడే అనుకున్నాడు. మొక్క నాటేముందు కాయ రుచి చెప్పే మనిషి కాబట్టి ఆ మాట అక్కతో అనేశాడు కూడా. అనడానికీ కట్టడానికీ మధ్య రెండేళ్లు పట్టింది.

ఆ రెండేళ్ల మధ్యలో ఒక ఫోను సంగతి ఉంది. అది ముందే చెప్పుకోవాలి.

పరుపుల కంపెనీవాళ్లు డీలర్లందరినీ ఒక హోటల్లో కూర్చోబెట్టి ఒక ఉపన్యాసకుడి చేత క్లాసు చెప్పించారు. ఆ మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాజిటివ్ అన్న మాట ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు. పాజిటివ్‌గా నిద్ర లేవాలి, పాజిటివ్‌గా పరుపు అమ్మాలి, అప్పు ఎగ్గొట్టినవాడి గురించి కూడా పాజిటివ్‌గానే ఆలోచించాలి. పరుపులాయన ఆ మాట మూటగట్టుకుని బయటికొచ్చి, కారెక్కుతూనే అక్కకు ఫోన్ చేశాడు. అక్క గొంతు నీరసంగా ఉంది.

"అక్కా, ఏదేమైనా నువ్వు పాజిటివ్‌గా ఉండాలి."

"నేను పాజిటివే రా," అంది అక్క. "పోయిన నెల నుంచి. అదే కదా బాధ."

పరుపులాయన పగలబడి నవ్వాడు. అక్క ఎప్పుడూ అంతే, పుల్లవిరుపు మాట ఒకటి కలపందే వాక్యం పూర్తి చెయ్యదు. "బాధేంటక్కా, పాజిటివ్ అయితే మంచిదేగా" అన్నాడు.

అక్క కూడా మెల్లగా నవ్వింది. తర్వాత వాన పడుతోందా అని అడిగింది. అంతటితో ఆ మాట అయిపోయింది.

సెంటరుకు సగం వాటా బావమరిదిది. టిక్కెట్ల ఆఫీసు నడిపేవాడు. నోట్లో నువ్వు గింజ నానదు గానీ తెలివైనవాడే. విదేశాల్లో స్థిరపడిన మనవాళ్లలో కిడ్నీలు పోయినవాళ్లు ఎంతమందో, వాళ్లంతా డయాలిసిస్ దొరకదన్న ఒక్క భయంతో సొంత మనుషుల్ని చూడ్డానికి రాకుండా ఎలా ఆగిపోయారో వేళ్ల మీద చెప్పాడు.

"నాలుగు గంటలు మిషను బావా, మిగతా టైమంతా మనది. పళ్లు చూపించుకుంటారు, కళ్లు చూపించుకుంటారు, నాలుగు చోట్లు తిరుగుతారు. విమానం దిగిన దగ్గర్నుంచి ఎక్కేదాకా మన చేతుల్లోనే ఉంటారు."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు ఇంకా బిగించకముందే బావమరిది రంగుల కాగితం అచ్చేయించాడు. అందులో ఒక వాక్యం పరుపులాయన స్వయంగా చెప్పి రాయించాడు. "మా సెంటర్లో సిబ్బంది నుంచి పేషెంట్ల దాకా అందరూ పాజిటివే." డీలర్ల క్లాసు అంత గట్టిగా పట్టేసింది.

పరుపుల గోడౌనునే సెంటరుగా మార్చారు. హాల్లో ఎనిమిది మంచాలు. నడిపించడానికి పెద్ద సిస్టరు వచ్చింది. ఇరవై రెండేళ్లు పెద్దాసుపత్రిలో డయాలిసిస్ వార్డు చూసిన మనిషి. మాట తక్కువ. తాపీమేస్త్రి నేల మీద ముగ్గుతో గదులు గీస్తున్న రోజున వచ్చి నిలబడి, వెనక మూల చూపించింది.

"ఇక్కడ ఒక గది వేరుగా కావాలి సార్. వేరే మిషను, వేరే సింకు. అందులో చేసే నర్సు ఆ షిఫ్టులో హాల్లోకి రాకూడదు. వీలైతే తలుపు కూడా పక్క సందులోకి పెట్టించండి."

"నేనూ అదే అనుకుంటున్నా," అన్నాడు పరుపులాయన.

ఎందుకని అడగలేదు. అడిగితే తెలియదన్నట్టవుతుంది. ఆయన అడగలేదు కాబట్టి ఆయనకు తెలుసనుకుని ఆవిడ చెప్పలేదు. వేరే గది, వేరే నర్సు, వేరే తలుపు. గొప్పవాళ్లకు తప్ప అలాంటివి ఎవరికి కావాలి? ఇరవై రెండేళ్ల అనుభవమంటే ఇదీ అని లోపల్లోపల మెచ్చుకున్నాడు.

సెంటరు తెరిచారు. చుట్టుపక్కల పేషెంట్లు ఎనిమిది మంది హాల్లో చేరారు. తొమ్మిదో మంచం మీదికి మాత్రం కాజాల మేస్త్రి వచ్చాడు. చొక్కాల కార్ఖానాలో ముప్ఫయ్యేళ్లు కాజాలు కుట్టి కుట్టి కళ్లజోడు అద్దాలు సీసా అడుగుల్లా అయిపోయిన మనిషి. సోమ, బుధ, శుక్ర ఉదయం ఏడింటికి పక్క సందులోంచి వచ్చి, నాలుగు గంటలు పడుకుని, సందులోంచే వెళ్లిపోయేవాడు. ప్రభుత్వం ఇచ్చే డబ్బు తప్ప ఆయన దగ్గర చిల్లిగవ్వ లేదు. అలాంటివాడికి ఆ గది ఎందుకిచ్చారో పరుపులాయనకు అంతుపట్టలేదు. పెద్ద సిస్టరుకు బాబాయి వరసో, మేనమామ వరసో అయ్యుంటాడని తేల్చుకున్నాడు. పెద్దమనిషి కాబట్టి ఆ సంగతి ఎత్తలేదు. ఎదురుపడినప్పుడల్లా ఒక నమస్కారం పెట్టేవాడు.

"మీ గుణం గొప్పది బాబూ," అన్నాడు ఒకరోజు కాజాల మేస్త్రి. "ఇంతకుముందు రెండు చోట్ల నన్ను వద్దన్నారు."

"వాళ్లకు మనిషి విలువ తెలియదు."

"అదే మా ఆవిడతో అన్నాను."

పరుపులాయన నమస్కారం పెట్టి ముందుకు కదిలాడు.

ఏడాది కావస్తున్నా అక్క మాత్రం రాలేదు. సెంటరు తెరిచానన్నా, డాక్టరు వారానికి మూడుసార్లు వస్తాడన్నా, "చూద్దాం లేరా" అనేది. రిపోర్టులు పంపమంటే "పంపుతాలే" అనేది. పంపేది కాదు. పరుపులాయనకు కష్టం తోచింది. నలుగురికీ పనికొచ్చిన సెంటరు సొంత అక్కకు ఆనలేదా అని రెండు వారాలు ఫోన్ చెయ్యడం మానేశాడు. మూడో వారం ఉండబట్టలేక చేసి, చివరి అస్త్రం తీశాడు.

"అక్కా, నిన్ను అందరితో పాటు హాల్లో పడుకోబెడతానని అనుకుంటున్నావేమో. నీకు వేరే గది ఉంది. నీ మిషను వేరు. హాల్లోవాళ్లెవరూ దాన్ని ముట్టుకోరు. నర్సు కూడా వేరు. నువ్వు రావడానికి పోవడానికి తలుపు కూడా వేరుగా పెట్టించాను."

ఫోన్ తెగిందేమోనని ఆయన తెర వైపు చూసుకున్నాడు.

"ఇవన్నీ కావాలని నీకెవరు చెప్పార్రా?" అంది అక్క.

"ఒకరు చెప్పాలా అక్కా. నాకు తెలియదా?"

అక్క ఏడ్చింది. బాగా ఏడ్చింది. వేరే గది ఇస్తానంటే ఇంతలా ఏడవాలా అని ఆయనకు ఆశ్చర్యం వేసింది గానీ, అక్క నోటి నుంచి "వస్తాన్రా, టిక్కెట్టు చూడమను" అన్న మాట రాగానే అది మరిచిపోయాడు. రిపోర్టులు వారం తిరక్కుండా నేరుగా సెంటరుకే వచ్చాయి.

అక్క రావడానికి నెల రోజులుందనగా పరుపులాయన కొట్టు మొత్తంలో మంచి పరుపు ఏరి తీసుకుని సెంటరుకు పట్టించుకొచ్చాడు. ఎనిమిదంగుళాల మందం, పైన మెత్తటి నూలు గుడ్డ. అది మంగళవారం, తొమ్మిదో గది ఖాళీగా ఉంది. పాత పరుపు తీయించి కొత్తది వేయించి, అలవాటు ప్రకారం చెప్పులు విడిచి దాని మీద వాలబోయాడు. పడుకుని చూడకుండా ఆయన ఎవరికీ పరుపు ఇవ్వడు.

"దాని మీద పడుకోకండి సార్," అంది పెద్ద సిస్టరు గుమ్మంలోంచి. "ఆ గుడ్డ ఇక్కడ పనికిరాదు. రక్తం చుక్క పడితే తుడవడానికి ఉండదు. అసలే ఇది పాజిటివ్ గది."

"అందుకే కదమ్మా మంచి పరుపు తెచ్చింది. ఇక్కడ పడుకున్నవాళ్లు ఇంకా పాజిటివ్‌గా ఉండాలి."

పెద్ద సిస్టరు ఆయన మొహంలోకి చూసింది. పరాచికం కాదని అర్థమైంది. ఇరవై రెండేళ్లలో ఆవిడ చాలా చూసింది, ఇది మాత్రం చూడలేదు. లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"సార్, పాజిటివ్ అంటే మీరేమనుకుంటున్నారు?"

పరుపులాయన ఏమనుకుంటున్నాడో చెప్పాడు. డీలర్ల క్లాసులో చెప్పిందంతా చెప్పాడు. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

"పచ్చకామెర్ల వైరస్ ఒకటి ఉంటుంది సార్, రక్తంలో ఉండిపోయే రకం," అంది తర్వాత. "రక్తపరీక్షలో అది ఉందని తేలితే పాజిటివ్ అని రాస్తారు. వాళ్లకు వాడిన మిషను వేరేవాళ్లకు వాడం. నర్సు కూడా వేరు. తాకితే అంటుకునేది కాదు, రక్తంతోనే భయం. చాలా సెంటర్లు వాళ్లను అసలు తీసుకోవు, వేరే మిషను పెట్టే ఖర్చెందుకని. కాజాల మేస్త్రిని రెండు చోట్ల పంపేసింది అందుకే."

"ఆయన మీ మేనమామ కాదా?"

"కాదు సార్."

పరుపులాయన మంచం చివర కూర్చున్నాడు. అక్క మాట చెవిలో మోగింది. 'నేను పాజిటివే రా. అదే కదా బాధ.' తాను నవ్వడం కూడా వినిపించింది. కారులో, అద్దాలు ఎత్తుకుని, ఎంత గట్టిగా నవ్వాడో వినిపించింది.

"మా అక్క రిపోర్టులు..." అన్నాడు.

"పది రోజులైంది వచ్చి. చూశాను. అందుకే తొమ్మిదని రాశాను." పెద్ద సిస్టరు ఆగి, కాస్త గొంతు తగ్గించింది. "మీరే కదా సార్ ఆవిడకు తొమ్మిది ఉంచమన్నది. మీకు తెలుసనుకున్నాను."

ఆయన గోడ వంక చూశాడు, సింకు వంక చూశాడు, సందులోకి పెట్టించిన తలుపు వంక చూశాడు. నిన్నటిదాకా రాజసంగా కనిపించిన తలుపు ఇప్పుడు వేరేలా కనిపించింది.

"మా అక్కను ఇందులో వద్దు," అన్నాడు. "హాల్లో వేద్దాం. కిటికీ పక్కన ఒకటో నంబరు. ఎవరికి చెబుతాం?"

"హాల్లో ఏడుగురున్నారు సార్. ఏడుగురికీ అక్కలున్నారు, తమ్ముళ్లున్నారు."

ఈసారి ఆయనకు ఏదో ఒక దిక్కు చూపించడానికి చెయ్యి కూడా లేవలేదు.

మధ్యాహ్నం బావమరిది ఊడిపడ్డాడు. చేతిలో రంగుల కాగితం, మొహంలో నెత్తురు చుక్క లేదు. విదేశాల నుంచి మొదటి జట్టు రావాల్సి ఉంది. ఐదుగురు పేషెంట్లు, వాళ్ల కుటుంబాలు, మూడు వారాలు. వాళ్ల పెద్ద ఆ కాగితం చదివి, అందరూ పాజిటివే అన్న వాక్యం దగ్గర ఆగి, ఫోన్ చేసి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి రద్దు చేసుకున్నాడట. పాజిటివ్ అంటే ఏమిటో బావమరిదికి అలా తెలిసింది.

"కొంప ముంచావు బావా. పోనీలే, ఇంకా మించిపోలేదు. ఆ తొమ్మిదో గది మూసేద్దాం. ఇక్కడ పాజిటివ్ వాళ్లను చేర్చుకోం అని కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపితే వాళ్లు మళ్లీ వస్తారు. నేను మాట్లాడి ఉంచాను."

"కాజాల మేస్త్రి?"

"ఇంకెక్కడికైనా పోతాడు."

"అక్క?"

బావమరిది అయోమయంగా చూశాడు. పరుపులాయన చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు, రెండు ముక్కల్లో చెప్పాడు. బావమరిది కుర్చీలో కూలబడి, కాగితంతో విసురుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆవిడ పెళ్లిలో నీళ్ల గ్లాసులు అందించినవాడే.

"ఒక పని చేద్దాం," అన్నాడు కాసేపటికి. "ఈ నెలకు అక్కయ్యను ఆపు. టిక్కెట్టు నేను మారుస్తాను. ఆ జట్టు వచ్చి వెళ్లాక, వచ్చే ఏడాది గది తీద్దాం. అప్పుడు రమ్మను. ఇప్పటిదాకా ఆగింది, ఒక్క ఏడాది ఆగలేదా?"

డయాలిసిస్ మీద ఉన్నవాళ్లను ఏడాది ఆగమనడం ఎంత తేలికో పరుపులాయనకు ఈ పదకొండు నెలల్లో తెలిసింది. హాల్లో ఇప్పుడు ఏడుగురున్నారు గానీ, మొదట్లో ఎనిమిది మంది ఉండేవారు. అంతేకాదు, వద్దని చెప్పాల్సింది ఎవరికి? వేరే మిషను పెట్టానని విని ఏడ్చిన మనిషికి.

"గది ఉంటుంది," అన్నాడు. "కాజాల మేస్త్రి ఉంటాడు. అక్క వస్తుంది. ఆ జట్టుకు కావాలంటే హాలు ఉంది, రమ్మను. వద్దనుకుంటే వాళ్లిష్టం. నువ్వు ఆ కాగితం మళ్లీ అచ్చెయ్యి."

"ఏమని?"

"పాజిటివ్ వాళ్లకు ఇక్కడ వేరే మిషను ఉంది, రావచ్చు అని."

"ఇది వ్యాపారమా బావా?"

"కాదులే," అన్నాడు పరుపులాయన. అలా ఒప్పుకోవడం అదే మొదటిసారి.

బావమరిది నాలుగు రోజులు మాట్లాడలేదు. అచ్చు మాత్రం వేయించాడు, వాక్యాన్ని అన్నిటికంటే చిన్న అక్షరాల్లో పెట్టించాడు. ఆ చిన్న అక్షరాలను కూడా వెతుక్కుని చదివేవాళ్లున్నారని రెండు వారాల్లో తేలింది. ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన పదకొండేళ్లుగా తన తోడబుట్టినవాళ్ల మొహం చూడలేదట. "నా రిపోర్టు పంపించాక మళ్లీ కాదనరు కదా" అని మూడుసార్లు అడిగాడు. ఇంకొకావిడ ముందే రిపోర్టు చదివి వినిపించి, అప్పుడు తన పేరు చెప్పింది. బావమరిది రెండో పాజిటివ్ మిషనుకు ధర కనుక్కుంటూ వచ్చి, పరుపులాయన ఎదురుగా నిలబడ్డాడు.

"నీకు ఇదంతా ముందే తెలుసు కదూ బావా. ఆ గది కట్టినప్పుడే. నాతో ఒక్క మాట అనొచ్చుగా."

బజార్లో కూడా అదే మాట పాకింది. అక్క కోసం, అక్కలాంటివాళ్ల కోసం, ఎవరికీ చెప్పకుండా గది కట్టించాడట. నవ్వినవాళ్లే కొట్లోకి వచ్చి చెయ్యి కలిపి పోయారు. తెలియకపోయినా తెలుసనిపించుకుంటూ యాభై ఏడేళ్లు హాయిగా బతికిన మనిషికి, మొదటిసారి ఆ పేరు ఇరుకు చొక్కాలా ఊపిరాడనివ్వలేదు.

పరుపు సంగతి కాజాల మేస్త్రి చూసుకున్నాడు. ఎనిమిదంగుళాల పరుపుకు తుడిస్తే పోయే రెక్సిను తొడుగు కుడతానన్నాడు. కుట్లు పైకి కనిపించకూడదు, ఒక్క రంధ్రం ఉండకూడదని పెద్ద సిస్టరు షరతు పెట్టింది. జీవితమంతా గుడ్డకు రంధ్రాలు పెట్టి బతికిన మేస్త్రి, ఒక్క కాజా లేని తొడుగు కుట్టి తెచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "సోమ, బుధ, శుక్ర నేనూ దాని మీదే కదా బాబూ పడుకునేది" అన్నాడు.

అక్క ఆదివారం దిగింది. ఫోన్లో వినపడే గొంతుకు సగం కూడా లేదు మనిషి. ఇంట్లో ఆ రెండు రోజులూ పిల్లలూ పెద్దలూ ఆవిణ్ణి వదల్లేదు. పరుపులాయనకు చెప్పాలనుకున్నది చెప్పే సందు దొరకలేదు. దొరికినప్పుడు నీళ్లు నమిలాడు.

మంగళవారం ఉదయం పక్క సందులోంచి ఆవిణ్ణి తీసుకొచ్చాడు. బరువు చూశారు. పెద్ద సిస్టరే స్వయంగా చేతికి సూదులు పెట్టింది. ఎర్రటి గొట్టాలు మిషన్లోకి వెళ్లి వచ్చాయి. టీకాలు వేయించుకున్నాడు కాబట్టి పరుపులాయనను లోపల కూర్చోనిచ్చారు, ఒంటి మీద నీలం గౌను వేసి. స్టూలు మీద కూర్చుని అక్క రెండో చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి పట్టుకుంటే ఏమీ కాదని పెద్ద సిస్టరు చెప్పింది. చెప్పకపోయినా పట్టుకునేవాడే.

"నీకొక సంగతి చెప్పలేదురా," అంది అక్క. "ఆ రోజు నీకంటే ముందు తొమ్మిది మందికి చెప్పాను. మనవాళ్లే అందరూ. ఒకావిడ మాట మధ్యలో ఫోన్ పెట్టేసింది. ఇంకొకావిడ మా ఇంటికొచ్చి మంచినీళ్లు తాగడం మానేసింది. ఇక్కడి మూడు ఆసుపత్రులకు రాశాను, నాలుగు రోజులుండి పోడానికి వస్తే చేస్తారా అని. రిపోర్టు చూసి మూడూ వద్దన్నాయి. అప్పుడు నువ్వు ఫోన్ చేశావు. నీకు చెబితే నువ్వు నవ్వావు."

"అక్కా..."

"విను. అందరూ భయపడితే నువ్వొక్కడివే నవ్వావు. బాధేంటక్కా, పాజిటివ్ అయితే మంచిదేగా అన్నావు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఆ తర్వాత లేచి అన్నం తిన్నాను. రెండు రోజుల తర్వాత తినడం అదే. మళ్లీ ఆ మాట ఎత్తితే నువ్వు నా కోసం నన్ను అందరి మిషను మీదే వేసి ఎక్కడ రూలు తప్పుతావోనని ఎత్తలేదు. నువ్వేమో గదే కట్టి కూర్చున్నావు."

పరుపులాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లలో సిగ్గే ఎక్కువ. ఈ మాట ఇప్పుడు అనకపోతే ఇంక ఎప్పుడూ అనలేడని తెలిసింది.

"నాకు తెలియదు అక్కా."

"ఏం తెలియదు?"

"ఆ రోజు. పాజిటివ్ అంటే ఏంటో తెలియదు. ఊరికే నవ్వాను. ఈ గది ఎందుకు కట్టామో కూడా నెల కిందటిదాకా తెలియదు. గొప్పవాళ్లకనుకున్నా."

అక్క ఆయన్ని రెప్ప వేయకుండా చూసింది. తర్వాత మూతి బిగబట్టింది. తర్వాత ఇంక ఆపుకోలేక, గొట్టాలు కదిలేలా నవ్వింది.

"చెయ్యి కదపకండమ్మా," అంది పెద్ద సిస్టరు.

"మీరే వినండి సిస్టర్, వీడికి తెలియదట. ఐదేళ్లప్పుడు పగలు చందమామ ఎక్కడికి పోతాడ్రా అంటే మన పిన్ని వాళ్లింటికి అన్నాడు. వాడి నోట ఆ మాట నేనెరగను. ఇప్పుడు అంటున్నాడు చూడండి. ఎందుకో తెలుసా? నేను వాడికి ఋణపడ్డాననుకోకూడదని. అబద్ధం కూడా అతికేలా చెప్పడం రాదురా నీకు."

పరుపులాయన పెద్ద సిస్టరు వైపు చూశాడు. నిజం తెలిసిన సాక్షి ఈ భూమ్మీద ఆవిడ ఒక్కతే. పాజిటివ్ గదిలో పడుకోబోయిన మనిషిని ఆపింది ఆవిడే. ఆవిడ మిషను మీద అంకె ఒకటి చూసుకుని, మీట తిప్పి, అక్క చేతికున్న పట్టీ సరిచేసింది.

"సార్‌కు తెలియనిది ఏముంటుందమ్మా," అంది.

ఇంకా మూడు గంటల నలభై నిమిషాలుంది. అక్క వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, ఖాళీ చేత్తో రెక్సిను తొడుగు తడిమి చూసింది. వేలితో ఒకసారి నొక్కింది.

"పరుపు బాగుందిరా," అంది.

"అదొక్కటి తెలుసక్కా," అన్నాడు పరుపులాయన.